రెండు సగాల పాస్‌వర్డ్

నూర్జాన్ ఒక మాట పట్టుకుందంటే ఇక అంతే. ఆమె చేత ఆ మాట మాన్పించే ప్రయత్నం భర్త బాషా విడిచిపెట్టి ఇరవై ఏళ్లయింది.

ఉరవకొండలో పదిమంది ఆడవాళ్ల సంఘానికి ఆమె లీడరు. చెనిక్కాయ ఉండలు, అంటే వేరుశనగ లడ్డూలు, చేసి అమ్ముతారు. బెంగళూరు అంగడి ఒకటి సరుకు కొంటానంది గానీ, సంఘం పేరుమీద సొంత ఈమెయిల్ ఉంటేనే ఆర్డరు పంపుతానని మెలిక పెట్టింది. సంఘానికి వెబ్‌సైటు ఉంది. దాన్ని నడిపే కంట్రోల్ ప్యానల్ లాగిన్ వివరాలు కాగితం మీద రాసి, సైటు తయారుచేసినవాడు నూర్జాన్ చేతిలో పెట్టి పోయాడు. కూతురు ఫరీన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తనే కంప్యూటర్‌లో తెరిచింది. ఈమెయిల్ అకౌంట్స్ అన్నచోట నొక్కి, సంఘం పేరు కొట్టి, పాస్‌వర్డ్ దగ్గర చెయ్యి ఆపింది.

"సుంకమ్మను పిలువు."

సుంకమ్మ రెండో లీడరు. సంఘం డబ్బుల పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గరా చెరొక తాళంచెవి. ఇద్దరూ ఉంటేనే పెట్టె తెరుచుకుంటుంది. ఆ కట్టుబాటు ఊరికే రాలేదు. ఆరేళ్ల కిందట ఒకే తాళం ఉన్న రోజుల్లో, నూర్జాన్ ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచిందని సుంకమ్మ నలుగురిలో అనేసింది. అబద్ధమని తేలింది గానీ, అన్న మాట వెనక్కి పోతుందా? నూర్జాన్ మర్నాడే రెండో తాళం కొనుక్కొచ్చింది.

పాస్‌వర్డ్‌కూ అదే పద్ధతి పెట్టింది. సగం తను కొట్టింది. తర్వాత గోడవైపు తిరిగి నిలబడితే, సుంకమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుని మిగతా సగం కొట్టింది. అకౌంటు తయారైంది.

రెండు రోజులకు తెల్లవారుజామున మంచి వాన పడింది. పదకొండింటికి బెంగళూరు నుంచి ఫోను. ఆర్డరు పంపాం, నాలుగింటిలోపు అదే మెయిల్ నుంచి ఒప్పుకోలు రాకపోతే వేరేవాళ్లకు ఇస్తామన్నారు.

సుంకమ్మ ఫోను స్విచ్ఛాఫ్. వాన పడిందంటే వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం పరుగెత్తుతారు. సుంకమ్మా పొద్దున్నే పోయింది.

"కంట్రోల్ ప్యానల్ నీ దగ్గరే ఉండాది గదమ్మా. పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపాయె, నిమిషం పని" అంది ఫరీన్.

నూర్జాన్‌కు అప్పుడు తట్టింది. రెండు తాళాలు వేసి, వాటిని పగలగొట్టే సుత్తి తన చేతిలోనే పెట్టుకుని కూర్చుంది!

"మూసెయ్ దాన్ని. మళ్లీ ఆ మాట పడమంటావా?" అంటూ బస్టాండుకు నడిచింది.

వజ్రకరూరు చేలో ఎటు చూసినా వంగిన వీపులే, మొహాలు కనబడవు. చెప్పులకు బురద అంటుకుని అడుగు లేవడం లేదు. చెప్పులు చేత పట్టుకుని, సుంకమ్మా సుంకమ్మా అని అరుస్తూ గట్టుగట్టుకూ తిరిగింది. మూడు దాటాక ఒక వీపు నిటారుగా లేచింది.

సంగతి విని సుంకమ్మ నాలుక కరుచుకుంది. "చేతులనిండా బురదక్కా. చెప్తా, నువ్వే కొట్టు."

"వద్దు." నూర్జాన్ తాగే నీళ్లు ఆ చేతులమీద పోసి, తన సగం కొట్టిన ఫోను అందించింది.

మెయిల్ తెరుచుకుంది. నూర్జాన్ జవాబు పంపేసరికి నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది.

"ఇంగో మాట" అంది నూర్జాన్. "కంట్రోల్ ప్యానల్‌లో నేనొక్కదాన్నే ఈ పాస్‌వర్డ్ మార్చొచ్చంట. ఈ పొద్దే తెలిసింది."

సుంకమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. "మార్చుకొనుంటే ఈడిదాకా వచ్చే పనే లేదు గదా?"

"లేదు."

"అయినా వచ్చినావు." సుంకమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "ఆ పొద్దు నోరు జారినా నూర్జానక్కా. నా సగం నీకు చెప్తా, విను."

నూర్జాన్ చెప్పులు కింద పడేసి రెండు చెవులూ మూసుకుంది.

"చెప్పొద్దు! ఈసారి వానొస్తే ఫోను ఆన్‌లో పెట్టుకోని ఈ చేలకు రా, చాలు."