నేను సరిచేసిన జింక

1982 ఏప్రిల్ 18, ఆదివారం. ఇర్వింగ్. ఉన్నవారు: ఎలీనా గారు, నేను, నా భార్య సుగుణ.

డైరీలో ఈ పేజీ తెరిస్తే ఇప్పటికీ తేనెమైనం వాసన వస్తుంది. పేజీ మూలన మైనంలో అదిమిన నీలం ఊలు దారం ముక్క ఒకటుంది. అతికించింది ఎలీనా గారే. "నువ్వు రాసేవాటిలో చేత్తో తాకదగినది ఒక్కటైనా ఉండాలి, ఇంజనీర్" అన్నారు.

ఆవిడ మెక్సికో నుంచి వచ్చిన చిత్రకారిణి. అక్కడి పడమటి కొండల్లో హుయిచోల్ ప్రజలు చెక్కకు తేనెమైనం పూసి, రంగురంగుల ఊలు దారాలను బొటనవేలితో అదిమి బొమ్మలు చేస్తారు. వాళ్లలో ఒక ముసలాయన దగ్గర రెండేళ్లు కూర్చుని ఆవిడ ఆ పని నేర్చుకున్నారు. ఆయన చేసిచ్చిన రెండడుగుల పలకను, ఆయన సరేనన్నాకే, మా ఊరి లైబ్రరీ గోడ మీద వంద అడుగుల బొమ్మగా వేయాలని ఆవిడ పట్టుదల. నగర ఇంజనీరింగ్ ఆఫీసులో పనిచేసే నన్ను సాయానికి ఇచ్చారు. సోమవారం ఉదయం కమిటీ వచ్చి చూస్తుంది. కమిటీ అధ్యక్షుడు "గోడ గోడలా ఉంటే చాలు" అని ముందే అనేశారు. ఆయన ఒప్పుకోకపోతే గోడకు తెల్లరంగే.

ఆ ఆదివారం చర్చి నుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్లి, నెలరోజులు గళ్లు కట్టి గీసిన డ్రాయింగు విప్పాను. పలకలో రెండు జింకలుంటాయి. ఒకదాని మెడ రెండోదానికన్నా పొడవు, కాస్త వంకర. చేతిపనిలో దొర్లిన తప్పనుకుని రెండూ సమానం చేశాను. మెచ్చుకుంటారని ఎదురుచూశాను కూడా.

ఆవిడ డ్రాయింగు మీదికి వంగి, మెడ దగ్గర వేలు పెట్టారు. "నా జింక మెడ విరిచిందెవరు?"

"విరవలేదండీ, సరిచేశాను."

"అది వంకర కాదు. ముందు నడిచే జింక అది. వెనకవాళ్లు వస్తున్నారో లేదో అని తల తిప్పి చూస్తోంది. ముసలాయన నాకు చెప్పిన మొదటి మాట అదే. నువ్వేమో దాన్ని ఒంటరిగా పంపించేశావు."

సుగుణ తెలుగులో అందుకుంది. "ఈయన దుప్పటి కూడా స్కేలు పెట్టి పరుస్తారు. జింకను వదుల్తారా?"

ఏమందని ఎలీనా గారు అడిగారు. చెప్పక తప్పలేదు. ఆవిడ పగలబడి నవ్వారు.

"స్కేలు కారులో పెట్టి తాళం వెయ్యి. దారంతో చేద్దాం."

"వంద అడుగుల బొమ్మకి దారమా?"

"మీ ఇంట్లో బట్టలారేసే తాడు లేదా?"

సుగుణ డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, ఇంట్లోవీ ఇరుగుపొరుగువీ తాళ్లన్నీ పట్టుకొచ్చింది. ఖాళీ పార్కింగ్ లాట్‌లో, గోడ మీద ఉండబోయేంత సైజులో, జింకను పరవడం మొదలుపెట్టాం. ఎలీనా గారు లైబ్రరీ మేడెక్కి పైనుంచి కేకలు. "ఇంకా వంచు! భయపడకు, దానికి నొప్పి పుట్టదు!" నేను మోకాళ్ల మీద పాకుతూ తాడును బొటనవేలితో అదిమి టేపు అంటిస్తూ పోయాను. చర్చి ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగింది. పొద్దువాలేసరికి జింక వెనక్కి చూసింది.

రిటైరయ్యేదాకా ఎంతోమంది డ్రాయింగులు దిద్దాను. వంకర కనిపిస్తే ఎర్ర పెన్సిలు ఎత్తే ముందు "ఇదెందుకు ఇలా ఉంది?" అని అడగడం ఆవిడ నేర్పిన అలవాటే. ఇప్పటికీ నడకకు వెళ్తే సుగుణ వస్తోందా అని మలుపు దగ్గర ఆగి చూస్తాను. "జింకగారు ఆగారు" అంటుంది.

జింకను పరిచిన మర్నాడు, ఆ సోమవారం ఉదయం, కంగారుగా లైబ్రరీకి వెళ్లాను. ఉద్యోగులు వచ్చేసి ఉంటారు, కార్లు తాడును తొక్కేసి ఉంటాయనుకున్నాను. లాట్ నిండిపోయింది. జింక మీద ఒక్క టైరు పడలేదు. కార్లన్నీ మెడ వంపు వెంబడే వరసగా నిలబడి ఉన్నాయి. కమిటీ అధ్యక్షుడు తన కారు రోడ్డవతల ఆపి నడిచి వస్తున్నారు, తాడు తొక్కకుండా అడుగు ఎత్తి వేస్తూ.