మంచు పడితేనే చెప్పే కథ

పోయిన శుక్రవారం పొద్దున కెనడా నుంచి ఫోన్ వచ్చింది. మా బడిలో ఇంగ్లీషు చెప్పిన మేడమ్ చనిపోయారని ఆమె చెల్లెలు చెప్పింది. ఖతర్‌లో, ముఐథర్‌లోని మా వంటగదిలో నిలబడి విన్నాను. ఏం మాట్లాడాలో తెలియక "ఓకే" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆమెది క్రీ జాతి. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ కెనడాలో ఉన్న ప్రజలు. చిన్నప్పుడు ఆమెను హాస్టలు బడిలో వేసి, క్రీ మాట్లాడినప్పుడల్లా సబ్బుతో నోరు కడిగారట. నలభై దాటాక మేనత్త దగ్గర కూర్చుని ఒక్కో మాటా మళ్ళీ నేర్చుకున్నారు. నేను పనిచేసే బడి లైబ్రరీలో, నా ఎదుటి బల్ల దగ్గర కవితలు రాసేవారు. ఎడమవైపు క్రీ, కుడివైపు ఇంగ్లీషు. క్రీ వైపు అక్కడక్కడా ఖాళీలుండేవి.

"ఆ మాట నాకింకా దొరకలేదు. ఇంగ్లీషుతో పూడ్చను," అనేవారు.

ఒకరోజు నేను ఫోనులో అమ్మతో దక్కనీ ఉర్దూలోనూ, నిజామాబాద్ స్నేహితురాలితో తెలుగులోనూ మాట్లాడటం విని, "ఇందులో నీ భాష ఏది?" అని అడిగారు. రెండూ సరిగా రావని నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

"రావని నీకెవరు చెప్పారు?"

ఆ వారమే మా నాన్న మీద నాలుగు పంక్తులు రాశాను, రెండు భాషల్లోనూ.

బడి సభలో ఆమె క్రీ చదువుతుంటే చాలామంది ఫోన్లు చూసుకున్నారు. ఇంగ్లీషు మాత్రమే చదవమని ఎవరో చీటీ పంపారు. దాన్ని మడిచి పక్కన పెట్టి, క్రీ చివరిదాకా చదివారు. దిగివచ్చి నా పక్కన కూర్చున్నారు. "అది మా అమ్మమ్మ కోసం," అన్నారు.

ఆ అమ్మమ్మ కథలు చెప్పమని మా పాప బతిమాలేది. నేల మీద మంచున్నప్పుడే చెప్పాలని మా ఆచారం, ఖతర్‌లో ఎలా చెప్పను అనేవారు. తర్వాత ఆమెకు జబ్బు చేసింది. అది ముదిరాక ఐన్ ఖాలిద్‌లోని అద్దె ఇల్లు ఖాళీ చేసి కెనడా వెళ్ళిపోయారు.

జనవరిలో వాయిస్ మెసేజ్ వచ్చింది. "మంచు పడింది. పాపను పిలువు." తర్వాత అంతా క్రీయే. గొంతులు మారుస్తూ, తనలో తాను నవ్వుకుంటూ చెప్పారు. మధ్యలో దగ్గు తెర వచ్చింది. మిగతాది రేపు అని ఇంగ్లీషులో అన్నారు. ఆ రేపు రాలేదు.

మేడమ్ పోయారని చెబితే పాప ఆ మెసేజ్ పెట్టమంది.

"ఆఖరికి ఏమైందో ఆళ్ళ చెల్లెల్ని అడుగు అమ్మీ."

"ఆమెకు ఆ భాష రాదు బిడ్డా."

పాప ఫోను చెవికి ఆనించుకుని దగ్గు దాకా వింది. తర్వాత వేలితో వెనక్కి జరిపి, మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుంది.