పక్కగది అక్క చూపించిన రెండు ఫిల్ములు

నా చిన్నప్పుడు, నానక్‌రామ్‌గూడలో ఇంకా జొన్నచేలు ఉన్న రోజుల్లో, ఒక ఏడాది వానలు పడలేదు. నాన్న అప్పటికే లేడు. అమ్మ రాళ్లు కొట్టే పనికి పోయి మా ముగ్గురు పిల్లలనూ సాకేది. రొట్టెలన్నీ మాకు పెట్టి, తాను పని దగ్గరే తిన్నానని చెప్పేది. నేను నమ్మేదాన్ని. నమ్మి, ఇంకో రొట్టె అడిగేదాన్ని.

మా పక్క గదిలో కిరాయికి ఒక అక్క ఉండేది. కోస్తా వైపు నుంచి వచ్చి, వ్యవసాయ ప్రయోగశాలలో పరిశోధన చేసేది. ఒక ఆదివారం నేను మూడో రొట్టెకు పేచీ పెడుతుంటే గుమ్మంలోంచి చూసింది. కాసేపాగి నన్ను తన గదికి పిలిచి, రెండు ఎక్స్‌రే ఫిల్ములు కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది.

వాటి మీద చిక్కుడు మొక్కల అచ్చులున్నాయి. మొక్క వేళ్లున్న నీళ్లలో రేడియోధార్మిక భాస్వరం కలిపారట. అది మొక్కలో ఎక్కడికి పోతే ఫిల్ము అక్కడ నల్లబడుతుందట. మొదటి ఫిల్ములో కింది ఆకులు నల్లగా ఉన్నాయి. అదే భాస్వరం తాగిన ఇంకో మొక్కను ఉత్త నీళ్లలోకి మార్చి, కొన్నాళ్లకు తీసింది రెండో ఫిల్ము. అందులో కింది ఆకులు వెలిసిపోయాయి. కొత్తగా వచ్చిన చిగురు మాత్రం కారునలుపు.

"ఉత్త నీళ్లే గద అక్కా, చిగురుకు యాడికెల్లి వచ్చింది?" అన్నాను.

"ముదురాకు తన దగ్గరున్నది తీసి ఇచ్చేసిందమ్మా."

"మరి ముదురాకు?"

"పండి రాలిపోతుంది." అక్క ఫిల్ములు దించి నా వైపు చూసింది. "మీ అమ్మ తింటుండగా నువ్వెప్పుడు చూశావు?"

ఎంత ఆలోచించినా ఒక్క రోజూ గుర్తు రాలేదు.

సాయంత్రం నా రొట్టె తుంచి అమ్మ ముందు పెట్టాను. వెనక్కి నెట్టింది. నేనూ ముట్టకుండా కూర్చున్నాను. చివరికి, "గిట్ల సతాయిస్తవేందే," అంటూ రెండు ముక్కలు తిన్నది. మూడోది మింగలేకపోయింది. మర్నాడు అక్కే దవాఖానకు తీసుకుపోయింది. ఒంట్లో రక్తమే లేదన్నారు. తొలకరి రాకముందే అమ్మ పోయింది. నేను అడిగి తిన్న రొట్టెలు ఎవరివో అప్పుడు పూర్తిగా తెలిసింది. తెలిసీ చేయగలిగింది లేకపోయింది.

ఇప్పుడు మణికొండలో అపార్టుమెంటులో ఉంటున్నాను. పొద్దున్నే ఇల్లు తుడవడానికి ఒక ఆమె వస్తుంది. ఇంట్లో పిల్లలకు పెట్టి, తాను తినే వచ్చానంటుంది. నేను వాదించను. రెండు పళ్లేలు పెట్టి ఆమె పక్కనే కూర్చుంటాను. ఆమె తినడం నా కళ్లతో చూశాకే చీపురు అందిస్తాను.