ఐరిస్ పువ్వుకి కాపలా

ఎండ పడని చోట పెట్టాలి, కుండీలో ఎండుటాకులు తీయకూడదు అన్నారు పక్కింటి చైనీస్ అంకుల్, ఐరిస్ పిలకని మా అమ్మాయి చేతిలో పెడుతూ. ఎక్కడో బ్రెజిల్ అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతట. పూసిన కాడ వంగి, నేలని తాకిన చోట మళ్లీ వేళ్లూనుకుంటుందట. అలా అడుగులేసుకుంటూ అడవంతా తిరగాల్సిన మొక్క దేశం కాని దేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో మా ఫ్లాట్ ముందు కారిడార్‌కి వచ్చి పడింది, పాపం.

నాకేమో చెత్త కనిపిస్తే చేతులూరుకోవు. రోజూ కుండీలో ఆకులు ఏరి పారేసేదాన్ని. పిల్ల స్కూలు నుంచి వస్తూ చెట్ల కింద రాలిన ఆకులు బ్యాగులో కుక్కుకొచ్చి మళ్లీ పోసేది. పుస్తకాల నిండా చీమలు! రోజూ ఇదే తగువు. చివరికి నేనే విసిగి వదిలేశాను. ఆ తర్వాతే మొగ్గలొచ్చాయి.

పువ్వుని విచ్చుకున్నప్పుడు చూడాలని పిల్ల ఒకటే తహతహ. ఆ పువ్వేమో ఒక్కరోజుది. తెల్లవారాక విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. పిల్ల చీకటితోనే స్కూలుకి పోతుంది. తొలి మొగ్గ తను వెళ్లాకే విచ్చుకుంది. తెల్లటి రేకులు, మధ్యలో నీలం. నేను దోసె తిరగేసి వచ్చేలోపు మా అత్తగారు చూశారు, మురిసిపోయారు, కోసేశారు. తొలిపువ్వు దేవుడిది, ఆవిడకి ఇంకో ఆలోచనే లేదు.

మధ్యాహ్నం పిల్ల వచ్చేసరికి అది వెంకన్న పటం మీద వడలిపోయి ఉంది. పిల్ల అరవలేదు.

"వన్ డే ఓన్లీ లా, నానమ్మా," అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషు యాసలో అనేసి గదిలోకి వెళ్లిపోయింది.

అన్నం తినలేదు. అత్తగారూ తినలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

అదృష్టం, అదే కాడకి ఇంకో మొగ్గ మిగిలింది. కొన్నాళ్లకి అదీ విచ్చుకుంది, మళ్లీ స్కూలు రోజునే. నేను ఆఫీసుకి పోకుండా ఇంటి నుంచే పని పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, అత్తగారి మీద నమ్మకం లేక. ఆవిడ స్నానం చేసి కారిడార్‌లోకి నడిచిన అలికిడి వినగానే, మీటింగ్ మధ్యలో వదిలేసి పరిగెత్తాను.

ఆవిడ చేతిలో పూలసజ్జ లేదు. కుండీ పక్కన స్టూలు మీద వెంకన్న పటం పెట్టి, దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుంటున్నారు. పువ్వు కాడకే ఉంది.

"ఆయన్నే ఇక్కడికి తెచ్చాలే అమ్మాయ్," అన్నారు నా వైపు చూడకుండా. "పిల్లొచ్చేదాకా ఇద్దరం ఇక్కడే కూర్చుంటాం."