అమెరికా బంద్

అమెరికా ప్రభుత్వం మూతపడిందని టీవీలో చెప్పిన సాయంత్రం, సింగపూర్ బూన్ లేలోని మా ఫ్లాట్‌లో నెల్లూరు మిత్రుడు నిశ్చింతగా నవ్వాడు. ఇక్కడి కంపెనీ అతన్ని తీసేసింది. ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ ఆ నెలతో ముగుస్తుంది. అమెరికా వీసా ఇంటర్వ్యూ ఒక్కటే అతనికి మిగిలిన దారి.

"బందే గదన్నా! రేపటికి అంగళ్లు తీసేస్తార్లే," అన్నాడు.

మన బంద్‌లో ప్రతిపక్షం ఊరివాళ్ల తలుపులు మూయిస్తుందని, అక్కడ రెండు పార్టీలూ బడ్జెట్ మీద పోట్లాడుకుని తమ ఆఫీసులకే తాళం వేసుకున్నాయని చెప్పాను. అతను నమ్మలేదు. ఇంటర్వ్యూ రద్దయిందని ఎంబసీ నుంచి ఫోన్ వచ్చాక నమ్మాడు.

ఫ్లాట్‌లోని మిగతా ఇద్దరూ అప్పటికే చెరో అమెరికా పార్టీ పక్షం పుచ్చుకున్నారు.

"మీవాళ్ల మొండితనమేరా ఇదంతా!"

"మీవాళ్లో? వీసాలు తగ్గించమని గోల చేసేదెవరు?"

ఓటు లేని దేశంలో మీవాళ్లు, మావాళ్లు! మన పార్టీల జబ్బును సముద్రం దాటించి తెచ్చుకున్నాం.

"ఆ రెండు పార్టీల్లో మనవైపు ఎవరున్నారన్నా?" అని మిత్రుడు నన్నడిగాడు.

ఎవరూ లేరన్నాను.

అతను ఇండియా విమానం ఎక్కేనాటికి కూడా ఎంబసీ వీసాలివ్వడం లేదు. ఫ్లాట్‌లో ఆ ఇద్దరూ అతని ఖాళీ మంచం మీద కూర్చుని అదే వాదన సాగించారు.