పులికాట్ నీళ్ళ మీద మోహనం

ఒట్టు... ఏ దర్గా పేరు నాకు పెట్టారో ఆ దర్గా మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను చేర్చలేదు. కల్పించడం నా ఉద్యోగమే, కాదనను. కానీ నేను కల్పించేది సంగీతం. కథలు అల్లడం చేతనైతే దీనికీ ఒక ముగింపు అల్లుకుని, ఈపాటికి హాయిగా నిద్రపోయేదాన్ని.

నా పేరు మస్తానమ్మ. నెల్లూరులో ఒక కళాశాలలో సంగీతం ప్రొఫెసర్ని. పాఠాలు అయ్యాక కొత్త రచనలు చేస్తాను. సినిమా పాటలు కావు, కచేరీ కీర్తనలూ కావు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో... వాటి కోసం స్వరాలు రాస్తాను. పుట్టింది వెంకటాచలం దగ్గర. నాయన కాశింసాయిబు సన్నాయి విద్వాంసుడు. చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా, ఏ దేవుడి ఊరేగింపుకైనా ఆయన మేళమే. అక్షరాల కంటే ముందు నాకు సన్నాయి నేర్పించాడు. తరవాత నేను వయొలిన్‌కి మారాను. మద్రాసు వెళ్ళి రచన నేర్చుకున్నాను. జర్మనీలో ఒక పెద్ద హాల్లో నా రచన మొదటిసారి వాయించినప్పుడు నాయనకు ఫోన్లో చూపించాను. చివరిదాకా కదలకుండా చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా?

"బాగుండాది మే. ఇంతకీ వాయించేది ఎప్పుడు మొదలుపెడతారు? ఇంకా శ్రుతి చేసుకుంటానే ఉండారు గదా!"

నవ్వకండి. సరే, నవ్వండి. మా ఇంట్లో ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు. కానీ ఆ రాత్రి హోటల్ గదిలో నేను ఏడ్చాను. ఎన్ని దేశాల్లో చప్పట్లు కొడితే ఏం... నాకు మొదటి స్వరం నేర్పినవాడికి నేను చేసే పని ఏమిటో అర్థం కాలేదు. ఏళ్ళు గడిచినా కాలేదు.

పోయిన శీతాకాలం నాకు ఒక పెద్ద అవకాశం వచ్చింది. సన్నాయికీ, నాలుగు తీగ వాద్యాలకూ కలిపి ఒక రచన చెయ్యమన్నారు. మద్రాసులో ప్రదర్శన. నాయన రాగం కదా అని మోహనం ఎత్తుకున్నాను. అంతా నదిలా సాగిపోయింది. చివరి భాగం దగ్గర ఆగిపోయింది. మోహన రాగంలో మధ్యమం, అంటే 'మ' అనే స్వరం ఉండదు. నాకేమో చివర్లో ఆ మధ్యమమే కావాలి. సరిగ్గా ఆ లేని స్వరమే. పైకి వెళ్ళి దాని మీద నిలబడ్డాను... కిందికి దిగే దారి దొరకలేదు. ఎటు దిగినా అపస్వరమే. ప్రదర్శన దగ్గర పడుతోంది. వాయించాల్సిన విద్వాంసుడు ఫోన్ చేసి మొహమాటంగా నసిగాడు. నాయన మాత్రం నసగలేదు.

"మోహనంలో మధ్యమమా? బిర్యానీలో బెల్లం ముక్క ఏసినట్టుండాది."

అలాంటి రోజుల్లో దొరవారిసత్రంలో ఉన్న మా బీబీ అక్క రమ్మని పిలిచింది. ఆమె భర్త ఖాదర్ బావ అక్కడ వ్యవసాయం చేస్తాడు. వాళ్ళ పొలం దాటి కొంత దూరం పోతే పులికాట్ సరస్సు అంచు. సాయంత్రం గూళ్ళకు చేరే పక్షుల గోల రికార్డు చేసుకుంటే ఏదైనా దారి తోస్తుందేమోనని నేనూ సరేనన్నాను. నాయన కూడా బయలుదేరాడు. సన్నాయి సంచీ చంకలో పెట్టుకునే.

గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన ఊదడం మానేశాడు. దమ్ము చాలదు. నాలుగు స్వరాలకే ఆయాసం. అయినా ఆ సంచీ వదలడు. అక్క కోప్పడింది.

"నాయనా, చలిగాలి. డాక్టరు చెప్పింది మర్చిపోయినావా?"

"డాక్టరు ఊదద్దన్నాడు. ఇనద్దనలా" అంటూ నాయన వెళ్ళి బావ మోటారుసైకిలు వెనక కూర్చున్నాడు.

రెండు బళ్ళ మీద నలుగురం వెళ్ళాం. గట్టు మీద చాప పరిచాం. రికార్డర్ నిలబెట్టాను. పొద్దు గుంకింది. గూడబాతులు, కొంగలు, పేర్లు తెలియనివి ఎన్నో... ఒకటే అరుపులు. ఎంత బాగుందో! అక్క పొట్లంలో కట్టి తెచ్చిన చేపల వేపుడు తింటూ కూర్చున్నాం. చీకటి పడింది. చందమామ లేదు. అడుసు వాసన. దోమలు. నీళ్ళు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

నాయన మెల్లిగా సంచీ విప్పాడు. రెల్లు పీక నోట్లో పెట్టుకుని తడిపాడు.

"నాయనా!" అంది అక్క.

"ఒక్క పలుకు. కొంగలకి మన మోహనం ఇనిపించద్దా?"

ఊదాడు. చిన్న పలుకే... స రి గ ప గ. అంతటితో ఆయాసం వచ్చి ఆగిపోయాడు.

పక్షులు ఆగిపోయాయి.

అన్నీ. ఒక్కసారిగా. మీట నొక్కి ఆపినట్టు. అంత గోల తరవాత ఆ నిశ్శబ్దం... చెవులు నొప్పి పుట్టాయి. దోమ రొద కూడా వినపడలేదు.

అప్పుడు... నీళ్ళ మీదనుంచి...

స రి గ ప గ.

సన్నాయి. పక్షి కాదు. నాకు సన్నాయి తెలీదా? ఉయ్యాలలో విన్నదాన్ని.

"ప్రతిధ్వని" అన్నాను. ప్రతిధ్వని రావాలంటే ఎదురుగా కొండో గోడో ఉండాలి. అక్కడ ఏముంది? చదునుగా నీళ్ళు. అంతే.

నాయన మళ్ళీ ఊదాడు. అదే పలుకు. ఈసారి జవాబు... అదే పలుకు కాదు. దాని తరవాతి పలుకు. ప ద స ద ప. నాయన వదిలేసినచోట అందుకుని పూర్తి చేసింది.

అక్క నా మణికట్టు పట్టుకుంది. బావ లేచి టార్చి వేశాడు.

"ఎవురన్నా ఆడ? ఎవురది?"

వెలుతురు నీళ్ళ మీద అటూ ఇటూ తిరిగింది. పడవ లేదు. మనిషి లేడు. నీళ్ళు మాత్రం... ఒకచోట మెల్లిగా వలయాలు తిరుగుతున్నాయి.

"మామా" అన్నాడు బావ, గొంతు తగ్గించి. "ఆడ మనిషి నిలబడే తావు గాదు. అంతా అడుసు. కాలు పెడితే నడుం దాకా దిగబడిపోతాడు."

"మే, పోదాం పా. నాకు భయంగా ఉండాది" అంది అక్క. పెదవులు కదుపుతూ దువా చదువుకుంటోంది.

నాయన కదలలేదు. ముఖం కనపడలేదు కానీ గొంతులో చిన్నపిల్లవాడి సంబరం.

"ఉండండి మే. అవతల ఆయన పల్లవి ఎత్తుకున్నాడు. నడిమధ్యలో లేచిపోతే మర్యాదేనా?"

ఊదాడు. ఇక ఆగలేదు. నాలుగు స్వరాలకే రొప్పే మనిషి... ఆపరేషన్ తరవాత మెట్లెక్కడానికే కూర్చుని లేచే మనిషి... పొడుగు పొడుగు పలుకులు ఊదుతున్నాడు. ఒక పలుకు ఈయనది. ఒక పలుకు ఆ చీకటిది. ఈయన కొంటెగా ఒకటి విసిరితే అది ఇంకా కొంటెగా తిప్పి పంపుతుంది. పెళ్ళి ఊరేగింపులో రెండు మేళాలు పోటీపడినట్టే. నాకు భయం వేస్తోంది... నవ్వు కూడా వస్తోంది. రెండూ ఒకేసారి రావడం మీరెప్పుడైనా చూశారా?

అప్పుడు గమనించాను. ఆ శబ్దం దగ్గరికి వస్తోంది.

ప్రతి పలుకుకీ కొంచెం... ఇంకొంచెం... బావ చేతిలో టార్చి మిణుకుమని ఆరిపోయింది. బ్యాటరీ అయిపోయిందంటాడు ఆయన. కావచ్చు.

నా ఎడమవైపు. చాప అంచుకి అవతల. అక్కడ ఎవరూ లేరు. మిగతా ముగ్గురూ నా కుడివైపునే ఉన్నారు. అక్కడ...

ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

సన్నాయి విద్వాంసుడు పలుకు ఎత్తుకునే ముందు ముక్కుతో గబుక్కున పీలుస్తాడే... ఆ చప్పుడు. స్పష్టంగా. చల్లగా. నా చెవి పక్కన.

నాయన ఊదడం ఆపి, తడుముకుంటూ సన్నాయి నా ఒళ్ళో పెట్టాడు. వెచ్చగా ఉంది అది.

"నువ్వూదు."

"నేనా?"

"నీది ఊదు. నీ పాట. ఆ మధ్యమం. ఏమంటాడో చూద్దాం."

ఈ రచన కోసమే కొన్నాళ్ళుగా మళ్ళీ సన్నాయి సాధన చేస్తున్నాను. అయినా పెదవులు వణికి మొదట కీచుమంది. ఆ చీకటిలో ఎవరూ నవ్వలేదు. మళ్ళీ ఊదాను. మోహనంలో పైకి వెళ్ళాను... వెళ్ళి... మధ్యమం మీద నిలబడ్డాను. లేని స్వరం మీద. ఊపిరి ఉన్నంతసేపు నిలబడ్డాను. దిగే దారి నాకు తెలీదు. ఊపిరి అయిపోయింది. ఆపేశాను.

నిశ్శబ్దం.

చాలాసేపు.

తప్పు చేశాననుకున్నాను. కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఎవరికని మాత్రం అడక్కండి.

అప్పుడు మొదలైంది... ఆ మధ్యమం మీదనే. నేను వదిలినచోటే. దాన్ని సరిచెయ్యలేదు. దాచలేదు. ప్రేమగా పట్టుకుని, కొంచెం ఊపి, గాంధారం అంచు తాకించి, మళ్ళీ వెనక్కి తెచ్చి, అక్కణ్ణుంచి పంచమానికి ఎక్కి... ఒక్క జారులో షడ్జానికి దించేసింది. ఎంత సులువు! ఆ దారి అక్కడే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంది. ఆ స్వరం లేకుండా మోహనం ఇన్నాళ్ళూ ఎలా బతికిందా అనిపించింది.

నాయన తొడ చరిచాడు.

"ఓహో! అదా! అదా మే నువ్వు ఇన్నేళ్ళూ చెప్పేది!"

పెద్దగా నవ్వాడు. ఆ చీకట్లో, ఆ అడుసు గట్టు మీద, తెరలు తెరలుగా. బావ కూడా నవ్వాడు. దువా చదువుతూనే అక్క నవ్వింది. నాకు కన్నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలీదు. మా నవ్వు మధ్యలో పక్షులన్నీ ఒక్కసారి మళ్ళీ మొదలుపెట్టాయి. ఎంత చెవి పెట్టి విన్నా... ఇక అది లేదు.

బళ్ళెక్కి వచ్చేశాం. దారిలో ఎవ్వరం వెనక్కి తిరిగి చూడలేదు. ఇల్లు చేరాక నాయన రెండు పళ్ళేలు అన్నం తిన్నాడు. నేను తెల్లారేలోగా చివరి భాగం రాసేశాను.

మర్నాడు బావ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి వాకబు చేశాడు. ఆ రాత్రి ఎక్కడా పెళ్ళి లేదు. మేళం లేదు. ఆ అంచుకి చేపలవాళ్ళు కూడా చీకట్లో పోరట. ఎందుకు పోరని అడిగితే, "అడుసు సార్" అన్నారట. అంతకుమించి చెప్పలేదు.

రికార్డింగా? ఉంది. నాయన పలుకులు స్పష్టంగా ఉన్నాయి. నా కీచుమనడమూ ఉంది. వాటి నడుమ... ఏదో ఉంది. చాలా సన్నగా. తరగతిలో వినిపించాను. కొంతమంది కొంగ అరుపన్నారు. కొంతమంది సన్నాయే మేడమ్ అన్నారు. ఒకమ్మాయి ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్ళిపోయింది. భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకరు, చల్లబడిన నీళ్ళ మీద ఎంతో దూరపు శబ్దం పక్కనే ఉన్నట్టు వినిపిస్తుందన్నారు. నిజమే, పుస్తకాల్లో ఉంది. కానీ మాస్టారూ, దూరంగా ఉన్న సన్నాయికి నా మధ్యమం ఎలా తెలుసు? ఆయన టీ తాగి, మళ్ళీ మాట్లాడదాం అన్నారు. ఇంతవరకూ మాట్లాడలేదు.

మద్రాసులో ప్రదర్శన జరిగింది. నాయన ముందు వరసలో కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. హాలంతా గుండుసూది పడితే వినిపించేంత నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మధ్యమం వచ్చింది. ఆయన ఉండబట్టలేక "శభాష్!" అని అరిచాడు. అందరూ తిరిగి చూశారు. నా జీవితంలో నాకు దొరికిన చప్పట్లన్నీ కలిపినా ఆ ఒక్క మాటకి సరిరావు. ఇప్పుడు వెంకటాచలంలో తన పాత మేళంవాళ్ళని కూర్చోబెట్టి నా రచనలు వినిపిస్తాడు. ఎవరైనా ఇదేం పాట సాయిబూ అంటే, "ఓపిగ్గా ఇనండప్పా, మా బిడ్డ మెల్లిగా దించుతాది" అంటాడట.

ఇంతకీ అదేమిటి? నాకు తెలీదు. మంచిదో చెడ్డదో కూడా తెలీదు. ఒక్కోసారి పాఠం చెబుతూ చెబుతూ ఆ చల్లటి ఊపిరి గుర్తొచ్చి ఎడమవైపు చూస్తాను... ఆ గట్టు మీదికి ఒంటరిగా వెళ్ళమంటే, మీరు ఎంత బతిమాలినా వెళ్ళను.

నాయన పక్కనుంటే మాత్రం... ఇప్పుడే పదండి.