తలుపు సందుల సగం చీర

దయ్యాల ముచ్చట ఎవరన్న మొదలువెడితే నేను అడిగేది ఒకటే: నువ్వు చూసినవా, ఎవరన్న చెప్తె విన్నవా? విన్న అంటే అక్కడికే బంద్. కరీంనగర్ల బట్టల దుకాణంల పుట్టి పెరిగినదాన్ని. "రంగు పోదమ్మా, నాది గ్యారంటీ" అని మా బాపు దినాం యాభై సార్లు చెప్పంగ విన్న. ఆ రంగు ఒక్క ఉతుకుకే ఎట్ల పోయేదో గూడ చూసిన. అందుకే ఎవరేం చెప్పినా సగం తీసేసి వినుడు నాకు అలవాటు. ధర చెప్పినా అంతే, ముచ్చట చెప్పినా అంతే.

ఇప్పుడు నా ముచ్చట చెప్తున్న. మీరు గూడ సగం తీసేసి చదువుకోండ్రి. మిగిలిన సగానికి నా దగ్గర జవాబు లేదు.

మా కాలనీల సుజాత టీచర్ అని ఉంటది. బడి నౌకరి నుంచి రిటైరైనంక బొంతలు కుట్టుడు పట్టుకున్నది. ఆమె వెంట మేము తొమ్మిది మందిమి. ఆదిలాబాద్ దిక్కు అడవి పక్క ఒక గెస్ట్‌హౌస్ మాట్లాడి, నాలుగు దినాల బొంతల క్యాంపు పెడదామన్నది. వంట లేదు, మొగడు లేడు, పిల్లలు లేరు. సూది, దారం, అంతే. ఎవరి బొంతకు కావలసిన బట్ట వాళ్లు ఇంట్లనే కత్తిరించి, వరుసలు పేర్చి తెచ్చుకోవాలె. అక్కడ కుట్టుడొక్కటే పని.

అందరికి బట్ట తెచ్చే పని నా మీద వేసిండ్రు. "ఉమ పోతే దుకాణపోడే దండం పెట్టి ఇస్తడు" అని టీచర్ అందరి ముందట అన్నది. మెచ్చుకున్నదో, ఎత్తిపొడిచిందో ఇప్పటికీ తెల్వదు. నేనైతే పొంగిపోయిన.

బొంతకు కొత్త బట్ట పనికిరాదు. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర కావాలె. సూది వెన్నల దిగినట్టు దిగుతది. అసొంటి చీరలు ఇప్పుడు ఎవరింట్లున్నయి? అందరు స్టీలు గిన్నెలోళ్లకు వేసేసిండ్రు. అడగంగ అడగంగ చొప్పదండి దాటినంక, కొండగట్టు దిక్కు ఒక ఊర్లె భాగ్యక్క పేరు చెప్పిండ్రు. నేతపనోళ్ల ఇల్లు. ఆమె పెనిమిటి సిరిసిల్లల సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేస్తడు. భాగ్యక్క అత్తమ్మ బతికున్నప్పుడు ఊరందరికి బొంతలు కుట్టేదట. ఊరోళ్లు ఇచ్చిన పాత చీరల మూటలు మగ్గాల అర్రల అట్లనే ఉండిపోయినయట.

పొద్దున బస్సెక్కి పదకొండు గంటల వరకు పోయిన. భాగ్యక్కకు యాభై ఏండ్లుంటయి, మాట మెత్తన. ఫోన్‌ల చార్జింగ్ అయిపోతే అరుగు మీద బోర్డుకు పెట్టి, సంచి గూడ దాని పక్కకే పెట్టిన. దమ్ముకు నేను పీల్చే ఇన్‌హేలర్ ఆ సంచిలనే ఉన్నది. ఇది గుర్తువెట్టుకోండ్రి.

అర్రకు రెండు రెక్కల పాత తలుపు. మగ్గం తీసేసిండ్రు గని దాని గుంత అట్లనే ఉన్నది. గోడ పొడుగునా మూటలు. "నువ్వు చూసుకో చెల్లె. తలుపు దగ్గరికేస్త. కోతులు సొచ్చినయంటే ఒక్క చీర మిగలది" అన్నది భాగ్యక్క. కొండగట్టు చుట్టుపక్కల ఊర్లల్ల ఇది మామూలే. ఆమె చెయ్యి అలవాటుగ బయట గొళ్లెం గూడ వేసింది. అప్పుడే రేషన్ దుకాణం కాడికి వేలిముద్ర పెట్టనీకె రమ్మని ఎవరో కేకేస్తె, నిమిషంల వస్త గద అని పోయింది. ఇదంత నాకు తర్వాత తెలిసింది.

నేను మూటల్ల మునిగిపోయిన. పోగు పీకి అగ్గిపుల్లతోని కాల్చి చూసుడు, బూడిదైతె నూలు, ఇటు; ముద్దగడితె పాలిస్టర్, అటు. నాలుగో మూటల అడుగున ఒక చీర దొరికింది. ఉల్లిపొర రంగు, సన్నటి ఆకుపచ్చ అంచు. చేతి మగ్గం మీదిది. ముట్టుకుంటె పసిపిల్ల చెవి లెక్క ఉన్నది. విడిగ ఒక తెల్ల గుడ్డల చుట్టి ఉన్నది. అట్ల చుట్టి ఎందుకు పెట్టిండ్రని ఒక్కసారన్న అనుకోవాలె గద? అనుకోలే. ఇది ఎవరికియ్యద్దు, నా బొంత నడిమిట్లకు అనుకున్న.

వెలుగుల చూద్దామని తలుపు గుంజిన. రాలే.

మొదలు నవ్విన. కేకేసిన. మళ్ల కేకేసిన. పైన ఒక్కటే కిటికి, చెయ్యి గూడ పట్టనంత జాలీ. మిట్ట మధ్యాహ్నం, పైన రేకులు, మూటలన్ని దులిపిన దుమ్ము. పది నిమిషాలల్ల నా గొంతుల పిల్లి కూత మొదలైంది. దమ్మున్నోళ్లకు తెలుస్తది. లోపలికి గాలి పోతది గని బయటికి రాదు. తలుపు బాదిన. చేతులల్ల బలం పోయి గడప మీద కూలవడ్డ. ఇన్‌హేలర్ ఆరడుగుల దూరంల ఉన్నది, నడుమ తలుపు. గీ అర్రలనే పోత అనిపించింది. నిజంగ అనిపించింది.

అప్పుడు తలుపవతల ఒక ఆడమనిషి గొంతు.

"ఏమైంది బిడ్డా?"

ముసలి గొంతు. నిమ్మళంగ ఉన్నది. పక్కింటామె అనుకున్న.

"గొళ్లెం తియ్యవ్వా. దమ్ము ఆడుతలేదు."

"తీస్త బిడ్డా. నీ చేతిలున్నది నాకియ్యి."

ఇక్కడ నేను చేసిన పని చెప్పనీకె సిగ్గయితది. మనిషి అన్నది ఏం చెయ్యాలె? తీసుకో తల్లి అనాలె. నా నోట్లకెళ్లి వచ్చిన మాట ఏందో తెలుసా?

"సగమిస్త."

ఆలోచించి అనలే. ఊపిరి లేదు, కండ్ల ముందట చీకట్లు, అయినా నోరు దాని పని అది చేసింది.

"సగమేనా బిడ్డా?" అన్నది అవతల.

"సగమే. ఇష్టమైతె తియ్యి."

చాలాసేపు చప్పుడు లేదు. పోయిందేమో అనుకున్న. అంతల, "సరే, ఇయ్యి" అన్నది.

చీర నడిమిట్ల పంటితోని కొరికి చర్రున చింపిన. దుకాణపోళ్ల బిడ్డను, పానం పోతున్నా చింపు వంకర రాలే. తలుపు కింద నాలుగు వేళ్ల సందున్నది. సగం చీర అందులకెళ్లి తోసిన. అవతలికెళ్లి గుంజిండ్రు. ఇది నేను ప్రమాణం చేసి చెప్త. జారుడు కాదు, గాలికి పోవుడు కాదు. చేతి మీద చెయ్యి వేసుకుంట, కొద్దికొద్దిగ, చీర మడతవెట్టేటోళ్లు గుంజినట్టు గుంజిండ్రు. కొన నా వేళ్లల్లకెళ్లి పోయింది. గొళ్లెం చప్పుడైంది.

తలుపు తోసుకొని అరుగు మీద పడ్డ. ఇన్‌హేలర్ పీల్చి, బోరింగు నీళ్లు తాగి, తల ఎత్తి చూస్తె ఎవరు లేరు. వాకిలి ఖాళీ. చీర లేదు.

భాగ్యక్క ఉరుక్కుంట వచ్చింది. "అయ్యో చెల్లె, మిషిన్ల వేలిముద్ర పడకపాయె, గంట నిలవెట్టిండ్రు!" ఎవరో అవ్వ గొళ్లెం తీసిందని చెప్పిన. "గీ వాడల అవ్వలెవరున్నరు? అందరం నా ఈడోళ్లమే" అన్నది. నేను మళ్ల అడగలే. ఎందుకంటే మిగిలిన సగం చీర అప్పటికే నేను కొననీకె ఏరుకున్న చీరల నడుమ దాచిన. మనకు నచ్చిన సరుకు అమ్మేటోళ్లకు కనిపించద్దు. అదొకటి నేర్పిండ్రు గద ఇంట్ల.

ఇంటికొచ్చి చెప్తె మా ఆయన నవ్విండు. "కోతి గొళ్లెం తీసింది. చీర గూడ అదే గుంజుకపోయింది. గంతే" అన్నడు. కోతులు గొళ్లాలు తీస్తయి, నేను గూడ చూసిన. చీరలు గుంజుకపోతయి, అది గూడ చూసిన. "మరి సరే అన్నదెవరు?" అన్న. "దమ్ము ఆడనప్పుడు చెవులల్ల ఏమన్న వినబడ్తది" అన్నడు. అది గూడ నిజమే అనిపించింది. ఆ ఆదివారమే సగం చీర పరిచి, జానెడు జానెడు అరవై ముక్కలు కత్తిరించిన. క్యాంపుకు సంచి సదురుకున్న.

క్యాంపుల రెండో దినం. అందరం గుండ్రంగ కూసున్నం. ఎవరి బట్ట ఎవరిదో, ఎక్కడిదో చెప్పుమన్నది టీచర్. ఒకామె తన పెండ్లి చీర అంచు చూపెట్టి ఏడ్చింది. నాకు గూడ ఒక మంచి కథ ఉంటె బాగుండు అనిపించింది. బయటికొచ్చి భాగ్యక్కకు ఫోన్ చేసి, ఉల్లిపొర రంగు, పచ్చంచు చీర ఎవరిది అక్కా అని అడిగిన.



"తెల్ల గుడ్డల చుట్టున్నదా చెల్లె?"

అవునన్న.

"అది మా అత్తమ్మది. తనే నేసుకున్నది. నేను పోయినప్పుడు మీద ఇదే కప్పుండ్రి అని దాచుకున్నది. కరోనల పోయింది గద. దావఖానకెళ్లి మూటగట్టి పంపిండ్రు, మొకం గూడ చూడనియ్యలే. కప్పేదెక్కడ? నేను ఆ చీర కోసం ఇల్లంత వెతికిన. మూటల్ల ఉన్నదా?"

వచ్చి చెప్త అక్కా అని ఫోన్ పెట్టేసి, లోపలికొచ్చి నా అరవై ముక్కలు ముందటేసుకొని కూసున్న. రంగుల పక్క రంగులు పేర్చి ఎంత ముద్దుగ పెట్టుకున్ననో. మిగిలిన రెండు దినాలు అందరు బొంతలు కుట్టిండ్రు. నేను ముక్కలన్ని విడదీసి, పోగుకు పోగు జోడు చూసుకుంట, అంచుకు అంచు కలుపుకుంట మళ్ల చీర కుట్టిన. "ఉమా, చింపుడెందుకు, అతుకుడెందుకే? పిచ్చి పట్టిందా?" అన్నది టీచర్. గెస్ట్‌హౌస్ ఎంత పెద్దగున్నా, ఆ నాలుగు గోడలు నా మీదికే వచ్చినయి. తలుపు తీసి పెట్టుకొనే కుట్టిన.

అరవై ముక్కలు కలిసినయి. గని ప్రతి అతుక్కు ఇంత బట్ట లోపలికి పోతది. కుట్టేటోళ్లందరికి తెల్సిందే. కొలిస్తె, నేను తెచ్చిన దానికంటె మూరెడు తగ్గింది. నేను ఉంచుకున్న సగం గూడ పూర్తిగ వాపసియ్యలేకపోతున్న.

వాపస్ వచ్చిన తెల్లారి చొప్పదండి బస్సెక్కిన. భాగ్యక్కకు మొత్తం చెప్పిన. తిట్లు పడ్తయనుకున్న. ఆమె ఆ అతుకుల మీద చెయ్యి రాసుకుంట కూసున్నది.

"మా అత్తమ్మ ఎన్నడు బేరమాడలే చెల్లె. ఎంతిస్తె అంతే తీసుకునేది."

నేను అర్రలకు పోయిన. గొళ్లెం బయటికెళ్లి వెయ్యమన్న. ఇన్‌హేలర్ ఈసారి చేతిలనే ఉన్నది. గడప కాడ కూసొని, అతుకుల చీర సందులకెళ్లి తోసిన. "మొత్తం తీసుకో అవ్వా. తప్పయింది" అన్న.

ఎవరు గుంజలే. కొన పట్టుకొని గంటసేపు కూసున్న. రేకులు కాలి టకటకమన్నయి. ఆఖరికి భాగ్యక్కనే తలుపు తీసింది. చీర ఎట్ల తోసిన్నో అట్లనే, సగం లోపల, సగం బయట పడి ఉన్నది.

ఆ చీర ఇప్పుడు భాగ్యక్క ఇంట్ల ఉన్నది. మొదటి సగం ఊరు మొత్తం వెతికినా, చెట్ల మీద చూసినా, ఎక్కడ దొరకలే. కోతి గుంజుకపోతె ఒక పీలికన్న దొరకాలె గద.

ఆ దినం ఎవరొచ్చిండ్రో నాకు తెల్వదు. నా చేతుల చీర ఉన్నట్టు మూసిన తలుపవతలికెళ్లి ఎట్ల తెలిసిందో తెల్వదు. నా దమ్ము ఆడక విన్న భ్రమనే కావచ్చు, కాదనను. గని సగమే అన్నంక అవతల చాలాసేపు చప్పుడు లేకుండెనని చెప్పిన గద. నేను చిన్నప్పటి సంది దుకాణంల కూసున్నదాన్ని. ఆ ఆగుడు నాకు బాగ ఎరుక. ఇంకో దారి లేనోళ్లే గట్ల ఆగి, గట్ల సరే అంటరు.